నా రెండు భుజాలు విరిచిందెవరు?

ఆ శనివారం పొద్దున పదకొండు దాటాక కాంటా మీద అంకెలు నాకు రెండు రెండుగా కనబడ్డాయి. నేను పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఒక ధర్మకాంటా మీద పనిచేస్తాను. ఫ్యాక్టరీల్లోకి పోయే లారీని, బయటికి వచ్చే లారీని తూకం వేసి చీటీ ఇవ్వడం నా పని. పద్దెనిమిదేళ్లుగా ఒక్క అంకె తప్పు చదివానని ఎవరూ అనలేదు. అటువంటిది ఆ పొద్దున ఒకే లారీకి మూడు చీటీలు తీసి మూడూ చింపేశాను. ఫ్యాన్ కిందే కూర్చున్నా చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంది. ఆవులింతలు ఆగడం లేదు. డ్రైవర్ ఏదో అడిగితే ఊరికే అతని మీద అరిచాను. అరవడం నాకు కొత్త కాదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

"చాయ్ తాగుతవా బావా? మొకం గట్ల పీక్కపోయిందేంది?" అని కిటికీలోంచి మల్లేశం అడిగాడు. మల్లేశం నా భార్య సుగుణకు తమ్ముడు. మా కాంటా పక్క గోదాములో హమాలీ.

"ఇయ్యాల ఒక్కపొద్దు. నన్ను పరేషాన్ చెయ్యకు, పో" అన్నాను.

శనివారం సాయంత్రం దాకా పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకపోవడం మా నాన్న కాలం నుంచి మా ఇంటి అలవాటు. మల్లేశాన్ని పొమ్మన్నదే నాకు గుర్తున్న చివరి మాట. అక్కడి నుంచి నా జీవితంలో ముప్పావు గంట లేదు. నిద్రపోయిన మనిషికి నిద్రపోయానన్న సంగతైనా తెలుస్తుంది. ఇది అట్లా కాదు. కత్తెరతో కత్తిరించి ముక్క పక్కకు తీసేసినట్టు మాయమైంది.

కళ్లు తెరిచేసరికి అంబులెన్సులో ఉన్నాను. చేతికి సూది, దానికి గ్లూకోజ్. "ఇరవై ఎనిమిది ఉండె సుగర్, అన్నా. ట్వంటీ ఎయిట్! ఇంకో పది నిమిషాలు లేటయితే చెప్పలేకపోదుము" అన్నాడు అంబులెన్స్ టెక్నీషియన్. సూదిలోంచి మందు పోతూ ఉండగానే నేను లేచి నా పేరు చెప్పానట. ఇంట్లో ఎవరూ లెక్కచెయ్యని చక్కెర, దోసెడు కూడా కాదు, అది ఒంట్లో లేకపోతే మనిషి మొద్దులా పడిపోతాడు, అది ఎక్కగానే లేచి తన పేరు చెబుతాడు. ఇంతకంటే వింత నేను చూడలేదు.

దగ్గర్లోని ఆస్పత్రి క్యాజువాలిటీలో డాక్టర్ అడిగాడు. "హైపోగ్లైసీమిక్ సీజర్. సుగర్ పడిపోయి ఫిట్స్ వచ్చినయ్. పొద్దున టాబ్లెట్ వేసుకున్నారా?"

"వేసుకున్న."

"ఎన్ని?"

"ఒకటే."

అది అబద్ధం. రెండు వేసుకున్నాను. ముందు రోజు మధ్యాహ్నం మా చుట్టాలింట్లో పుట్టెంట్రుకల దావత్. అక్కడ మటన్‌తో రెండు పళ్లేలు బగారన్నం, పైన డబల్ కా మీఠా తిన్నాను. సుగుణ కళ్లతోనే వద్దంది, నేను చూడనట్టు ఉన్నాను. తెల్లారి దానికి సరిచేద్దామని నా అంతట నేనే రోజూ వేసుకునే ఒక సుగర్ గోలీకి బదులు రెండు మింగి, ఒక్కపొద్దు అని ఏమీ తినకుండా డ్యూటీకి వచ్చాను. ఎక్కువ తిన్నాను కాబట్టి ఎక్కువ గోలీలు అని నా లెక్క. డాక్టర్ అడిగినప్పుడు సుగుణ నా తల దగ్గరే నిలబడి ఉంది. ఆమె ముందు రెండు అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

బ్రెయిన్ స్కాన్ తీశారు, నార్మల్ అన్నారు. కానీ నా చేతులు నా మాట వినడం లేదు. రెండు చేతులూ కడుపుకు అతుక్కుపోయినట్టు ఉన్నాయి. అరచేతులు బయటికి తిప్పబోతే ప్రాణం పోతోంది. భుజాలకు ముందునుంచి ఒక్కో ఎక్స్‌రే తీశారు. "ఫ్రాక్చర్ ఏం లేదు. ఫిట్స్‌లో కండరాలు గుంజినయ్, మజిల్ స్ట్రెయిన్. పది రోజులల్ల తగ్గిపోతది" అని రెండు పట్టీలు, నొప్పి గోలీలు, పూసుకునే మందు ఇచ్చి మూడో రోజు పంపించేశారు.

మా ఊరు గుమ్మడిదల మండలంలో. ఇంటికి వచ్చాక పది రోజులు కాదు, మూడు వారాలు పోయాయి. నొప్పి తగ్గలేదు. సుగుణ అన్నం కలిపి నోట్లో పెట్టేది, మొకం కడిగేది, స్నానం చేయించేది, నా లుంగీ కట్టేది. యాభై రెండేళ్ల మనిషిని, ఊళ్లో నలుగురి మీద అరిచే మనిషిని, ముక్కు మీద ఈగ వాలితే తోలుకోలేక తల ఊపుతూ కూర్చునేవాణ్ని. సిగ్గుతో చచ్చిపోవాలనిపించేది.

ఆ మూడు వారాల్లోనే మా ఇంట్లో ఇంకో జబ్బు మొదలైంది. చూడటానికి వచ్చిన ప్రతి మనిషీ ఆ రోజు ఏం జరిగిందో చెప్పేవాడు. ఆ ముప్పావు గంట నా దగ్గర లేదు కాబట్టి వాళ్లు చెప్పిందే నాకు నిజం. నేను పడి కొట్టుకుంటుంటే మల్లేశం ఉరికి వచ్చి నా మీద పడి రెండు చేతులూ ఒడిసి పట్టాడట. మల్లేశం వయసులో ఉన్నప్పుడు తాలీంలో కుస్తీ పట్టినవాడు. క్వింటాలు బస్తా ఒక్కడే భుజానికి ఎత్తుకునేవాడు. అతని బలం గురించి మా చుట్టాలందరూ గొప్పగా చెప్పుకునేవాళ్లు. ఇప్పుడు ఆ బలమే అతని మీద సాక్ష్యం చెప్పింది.

"ఫిట్స్ వస్తే చేతులు గిట్లయితయా ఎక్కడన్న? వాడు తాలీం పట్టు పట్టి పిండిండు. నరాలు నలిగిపోయినయ్" అన్నాడు మా అన్న నర్సింలు. అన్నకు నా మీద ప్రాణం. మాట మాత్రం గొడ్డలి పెట్టు.

మల్లేశం గడప అవతల నిలబడి ఉన్నాడు. ఎడమ చేతికి కట్టు ఉంది, లారీ డోర్‌లో పడిందని అక్కతో అన్నాడట. "నేను ఆపుదామని పట్టిన బావా. ఆపలేకపోయిన" అన్నాడు. ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. నేను అతని మొహం చూడలేదు. నా చేతుల వంక చూసుకుంటూ, "నీ తాకత్ చూపించుకోనీకి నేనే దొరికిన్నా?" అన్నాను. అతను తల వంచుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి మా ఇంటి లోపలికి రాలేదు. సుగుణ తన తమ్ముడితో ఫోన్ మాట్లాడటం కూడా మానేసింది. లోపల నాకు తెలుసు, రెండు గోలీలు మింగకపోతే అతను నన్ను పట్టుకోవాల్సిన పనే లేదు. తెలిసీ ఊరుకున్నాను. ఒకరి మీద కోపంగా ఉండటంలో ఒక సుఖం ఉంటుంది, మన వైపు మనం చూసుకోనక్కర్లేదు.

నాలుగో వారం అన్న కారు మాట్లాడి నన్ను సిటీలో ఒక పెద్దాస్పత్రికి తీసుకుపోయాడు. అక్కడ ఎముకల డాక్టర్ ఒక మేడం. నేను చెప్పేది వింటూనే పాత ఎక్స్‌రే లైటు ముందు పెట్టి చూసింది. తర్వాత నా మోచెయ్యి పట్టుకుని మెల్లగా బయటికి తిప్పబోయింది. తిరగలేదు. రెండోదీ తిరగలేదు. "చెయ్యి ఇట్లా తిప్పి ఎవరైనా చూశారా?" అని అడిగింది. లేదన్నాను.

"ఇటు చూడండి" అని ఎక్స్‌రే మీద వేలు పెట్టింది. "భుజం ఎముక తల మామూలుగా ఒక పక్కకు చూస్తూ ఉంటుంది. ఇక్కడ గుండ్రంగా బల్బులా కనబడుతోంది చూశారా? లోపలికి తిరిగి ఇరుక్కుపోతేనే ఇట్లా కనబడుతుంది. పోస్టీరియర్ డిస్‌లొకేషన్. రెండు వైపులా."

మూడు వారాలుగా మంచం కింద సంచీలో పెట్టుకున్న ఫిల్మ్ అది. ఇంటికి వచ్చిన వాళ్లందరికీ చూపించాం. ఆ బల్బు అందరి కళ్ల ముందే ఉంది, ఒక్కరికీ కనబడలేదు. ఆమె చూసింది, చదివేసింది. నేను పద్దెనిమిదేళ్లు అంకెలు చదివానని మిడిసిపడేవాణ్ని. నిజమైన చదువు అంటే ఏమిటో ఆ రోజు నోరు తెరుచుకుని చూశాను.

సీటీ స్కాన్ తీశారు. రెండు భుజాలూ గూడులోంచి వెనక్కి జారిపోయి ఉన్నాయి. జారేటప్పుడు గూడు అంచు తగిలి ఎడమ ఎముక తల సొట్టపోయింది. కుడిది సగం దాకా నలిగిపోయింది.

అన్న ఆగలేకపోయాడు. "ఎవలన్న గట్టిగ పట్టి వంచితే గిట్ల అయితదా మేడం?"

ఆమె అన్న వైపు తిరిగింది. "పట్టుకోవడం తప్పే. ఫిట్స్ వచ్చినవాళ్లను ఎవరూ పట్టి ఆపకూడదు. చుట్టూ ఉన్న సామాను జరపాలి, తల కింద మెత్తటిది పెట్టాలి, కొట్టుకోవడం ఆగాక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, అంతే. కానీ రెండు భుజాలూ ఇట్లా వెనక్కి జారాయంటే మాకు మొదట గుర్తొచ్చేది ఫిట్సే. ఫిట్స్‌లో ఒంట్లో కండరాలన్నీ ఒక్కసారే బిగుసుకుంటాయి. చేతిని లోపలికి తిప్పే కండరాలు బలమైనవి, బయటికి తిప్పేవి బలహీనం. బలమైనవి గెలుస్తాయి. ఎవరూ ముట్టుకోకపోయినా ఆయన కండరాలే ఆయన ఎముకను గూడులోంచి నెట్టేస్తాయి."

"అంటే ఎవల తప్పు లేదంటరా? నూటికి నూరు?"

"నూటికి నూరు ఎవరూ చెప్పలేరు. నేను అక్కడ లేను" అంది.

అన్న ఆ చివరి మాట పట్టుకున్నాడు. నేను మాత్రం నా కండరాలే నా ఎముకను నెట్టేశాయన్న ముందు మాట దగ్గరే ఆగిపోయాను. నలభై టన్నుల లారీని ఎక్కించుకుని కిక్కురుమనని కాంటా పక్కన పద్దెనిమిదేళ్లు కూర్చున్నాను. నా చొక్కా కింద అంత బరువు దాగి ఉందని ఒక్కసారీ అనుకోలేదు. మెతుకు తినకుండా, నీరసంతో పడిపోయిన ఒంట్లోంచి ఎముకను విరిచే బలం ఎట్లా వచ్చింది? భయం వేసింది. దండం పెట్టాలనీ అనిపించింది. పెట్టడానికి చేతులు లేవు.

"ఆ రోజు సుగర్ అంతలా ఎందుకు పడింది? ఎన్ని టాబ్లెట్లు వేసుకున్నారు?" అని మేడం అడిగింది.

"ఒకటే" అన్నాను రెండోసారి.

ఆపరేషన్లు రెండు. ఎడమ భుజాన్ని గూట్లో కూర్చోబెట్టి, పక్కనున్న నరం లాంటి కండర కొసను తీసి ఆ సొట్టలో కుట్టారు. మళ్లీ జారకుండా అది అడ్డం ఉంటుందట. కుడి ఎముక తల పనికిరాదని తీసేసి లోహపు గుండు పెట్టారు. దాని పేరు హెమీఆర్త్రోప్లాస్టీ. తెలివి వచ్చాక ఎక్స్‌రేలో తెల్లగా మెరుస్తున్న ఆ గుండును చూసి, మనిషి చేసిన వస్తువు మనిషి ఎముకలో ఇంత ఒద్దికగా ఎట్లా కూర్చుందా అని చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

అంతా బాగుందనుకునేలోపు కుడి కుట్ల దగ్గర నీరు కారడం మొదలైంది. జ్వరం. "ఇన్‌ఫెక్షన్ లోపలికి పోతే గుండు తీసేయాల్సి వస్తుంది" అన్నారు. మళ్లీ థియేటర్‌కు తీసుకుపోయి కడిగారు. రెండు వారాలు యాంటీబయాటిక్స్. అవే రోజుల్లో మల్లేశం పొద్దున బస్సెక్కి ఆస్పత్రికి వచ్చి, పైకి రాకుండా గేటు దగ్గర చెట్టు కింద కూర్చుని, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయేవాడట. సుగుణ కిటికీలోంచి చూసేదట. నాకు చెప్పలేదు.

తర్వాత ఫిజియోథెరపీ. గోడ మీద వేళ్లతో పైకి పాకించడం, కర్ర పట్టుకుని చేతులు పక్కకు తోయడం. వారమంతా ఏడ్చి చేస్తే రెండు వేళ్ల ఎత్తు పెరిగేది. మొదటిసారి స్పూనుతో ఉప్మా నా అంతట నేను నోట్లో పెట్టుకున్న రోజు సగం చొక్కా మీదే పడింది. సుగుణ కళ్లు తుడుచుకుంటూ, "ఇగ చాలు, మాకు గూడ జర ఉంచు" అని నవ్వింది.

నేను పడిపోయి నాలుగు నెలలు అయ్యాక అన్న ఒక ఆదివారం మధ్యాహ్నం పెన్‌డ్రైవ్ పట్టుకుని వచ్చాడు. మా కాంటా క్యాబిన్‌లో తలుపుకు ఎదురుగా గోడ మీద కెమెరా ఉంది. మా సేట్ ఆ రోజు రికార్డింగ్ పోకుండా దాచిపెట్టాడట. "ఇంట్ల మాట్లాడేది కాదు, స్టేషన్ల కంప్లైంట్ ఇద్దాం. మనిషిని పనికిరాకుండ చేసిండు. ముందు అందరం కండ్లార చూద్దాం" అన్నాడు. మల్లేశానికీ కబురు పంపించాడు. అతను వచ్చి తలుపు పక్కన నిలబడ్డాడు. ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని ఉన్నాడు.

పెన్‌డ్రైవ్ టీవీకి పెట్టారు. శబ్దం లేదు. మూలన టైము మాత్రం కదులుతోంది. నేను లేని ఆ ముప్పావు గంట నా ముందు మొదలైంది.

కుర్చీలో ఒక మనిషి మొహం తుడుచుకుంటున్నాడు. లేచి నిలబడ్డాడు. మెడ ఒక పక్కకు తిరిగింది. కర్రలా బిగుసుకుని కుర్చీకీ బల్లకీ మధ్య పడ్డాడు. కుడి సగం బల్ల వెనకకు పోయింది, ఎడమ సగమే కనబడుతోంది. వీపు విల్లులా పైకి లేచింది. ఎడమ చెయ్యి దానంతట అది మెలితిరిగి కడుపు మీదికి వచ్చి బిగుసుకుంది. చూస్తుండగానే భుజం గుండ్రం పోయి ముందు పలకలా అయిపోయింది, వెనక బుడిపె లేచింది. క్యాబిన్‌లో అప్పటికి ఇంకెవరూ లేరు. అది నేనే అని నాకు తెలుసు. అయినా ఎవరో మహా బలవంతుడు నా చొక్కా తొడుక్కుని పడి ఉన్నాడనిపించింది.

టైము ప్రకారం ముప్పై ఒక్క సెకన్ల తర్వాత మల్లేశం తలుపులో కనబడ్డాడు. మోకాళ్ల మీద పడి నా చేతులు పట్టుకున్నాడు. నా ఒళ్లు ఒక్క విదిలింపు విదిల్చింది. అతను ఎగిరి బల్లకు కొట్టుకున్నాడు. మళ్లీ వచ్చి పట్టుకున్నాడు. మళ్లీ విసిరేసింది. ఒక బీహార్ డ్రైవర్ ఉరికి వచ్చి తాళాల గుత్తి నా పిడికిట్లో కుక్కాడు. ఇనుము పెడితే ఫిట్స్ ఆగుతాయని అక్కడా నమ్ముతారు, ఇక్కడా నమ్ముతారు. నా సొరుగులో చక్కెర పొట్లం ఉంది. ఫిట్స్ వచ్చినప్పుడు అది నోట్లో పెట్టకూడదని గానీ, అంబులెన్సును పిలవడం ఒక్కటే దారి అని గానీ అక్కడున్న ఎవరికీ తెలియదు. అంతా కలిసి తోచిందల్లా చేశారు.

అప్పుడు మల్లేశం నేను నాలుక కొరుక్కుంటానని తన ఎడమ చేతి వేళ్లు రెండు నా పళ్ల మధ్య పెట్టాడు.

నా దవడ మూసుకుంది. అతని నోరు తెరుచుకుంది, శబ్దం లేదు కాబట్టి ఎంత అరిచాడో మాకు తెలియలేదు. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు. రెండో చేత్తో నా తల నిమురుతూ ఉన్నాడు. నిమిషం పైనే అట్లా గడిచింది. నా మూతి చుట్టూ నెత్తురు. అది నాది కాదు.

సుగుణ లేచి తలుపు దగ్గరకు పోయింది. తమ్ముడి చెయ్యి జేబులోంచి లాగింది. నడిమి వేలు కణుపు దగ్గర వంకరపోయి, నల్లగా మచ్చకట్టి ఉంది. ఉంగరం వేలుకు గోరు లేదు.

"లారీ డోర్ల పడ్డదన్నవ్ గదరా!"

"ఏమని చెప్పాలె అక్కా? బావ కరిసిండని చెప్పాల్నా?" అన్నాడు మల్లేశం. "చీము పట్టింది. తగ్గింది. వంగుతలేదు, గంతే."

అన్న రిమోట్‌తో వెనక్కి తిప్పి ఆ మొదటి సెకన్లు మళ్లీ చూశాడు. అన్న చెడ్డవాడు కాదు, మొండివాడు. చివరికి, "సరే, ఎడమది వీడు రాకముందే పోయిందనుకుందాం. కుడిది కనబడుతలేదు గద! గుండు పెట్టింది కుడిదానికే. గది వీడు పట్టినంకనే విరిగిండొచ్చు" అన్నాడు.

అది తీసిపారేసే మాట కాదు. అందరూ నా వైపు చూశారు. బాధ పడ్డది నేను, తీర్పు కూడా నేనే చెప్పాలన్నట్టు చూశారు. నేను తల ఊపితే చాలు, మల్లేశం పోలీస్ స్టేషన్ మెట్లు ఎక్కుతాడు. నాలుగు నెలలుగా నోట్లో ఉన్నది ఆ చూపుల ముందు ఇక ఆగలేదు.

"అన్నా, నేను రెండు గోలీలు మింగిన" అన్నాను.

"ఏం గోలీలు?"

"సుగర్ గోలీలు. దావత్‌ల తిన్నదానికి సరిచేద్దామని రెండు మింగిన. మింగి ఒక్కపొద్దు ఉన్న. డాక్టర్లు రెండుసార్లు అడిగిన్రు. రెండుసార్లు అబద్ధం చెప్పిన. మల్లేశం పట్టకముందే నన్ను నేనే పడేసుకున్న."

టీవీలో నేను ఇంకా పడే ఉన్నాను. ఎవరో లేచి ఆపేశారు. సుగుణ నా ముందుకు వచ్చి నిలబడింది. ఆమెకు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. "నాలుగు నెలలు నేను నా తమ్మునితోని మాట్లాడలే. నీ నోట్ల బువ్వ పెడుతున్న గద, నీ తరఫున ఉండాలెనని మాట్లాడలే. గా బువ్వ తింటున్నప్పుడన్న నీకు చెప్పాలనిపించలేదా?" అంది. అన్న పెన్‌డ్రైవ్ తీసి జేబులో వేసుకుని, పోయేటప్పుడు మల్లేశం భుజం మీద ఒక్కసారి చెయ్యి వేసి వెళ్లిపోయాడు.

నేను మల్లేశం వైపు చూడలేకపోయాను. అతనే వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "కుడిది నేను పట్టినందుకే పోయిందేమో బావా. పట్టకపోతే ఉండునేమో. గది నాకు తెల్వదు, నీకూ తెల్వదు" అన్నాడు. తన వంకర వేలు చూసుకుంటూ, "తాలీంల ఇన్నేండ్లు పట్టిన. రెండుసార్లు ఎత్తేసినోడు ఎవ్వడు లేడు. నువ్వు ఒక్కపొద్దుల ఉండి ఎత్తేసినవ్" అన్నాడు. సుగుణ ఏడుస్తూనే నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అతని గొంతులో వెటకారం లేదు. నా ఒంట్లోంచి ఆ రోజు లేచినదాన్ని చేతులతో పట్టి చూసిన మనిషి అతనొక్కడే. నాకు ఎంత అబ్బురమో అతనికీ అంతే అబ్బురం. నాలుగు నెలల కింద గడప అవతల నిలబడి అతను చెప్పింది కూడా ఇదే, ఆపలేకపోయానని. నేను వినలేదు.

తర్వాతి చెకప్‌కు నేను, సుగుణ, మల్లేశం కలిసి పోయాం. మేడం ముందు మొదట గోలీల సంగతి చెప్పాను. ఆమె తిట్టలేదు. పెన్ను కింద పెట్టి, "ఇది ముందే చెప్పి ఉంటే మీ సుగర్ మందు అప్పుడే మార్చేవాళ్లం. ఈ నాలుగు నెలల్లో మళ్లీ పడిపోయి ఉంటే?" అంది. మళ్లీ పడిపోతే కుట్టిన భుజం, పెట్టిన గుండు రెండూ పోయేవి. ఫోన్లో ఆ వీడియో చూసి, "ఎడమది ఇక్కడే పోయింది. అప్పటికి ఎవరూ ముట్టుకోలేదు" అంది. "కుడిది నాకు కనబడలేదు. చూడనిది చెప్పలేను." అంత చదువుకుని, తెలియనిది తెలియదని అంత తేలిగ్గా చెప్పే మనిషిని చూస్తే నాకు మళ్లీ ఆశ్చర్యం వేసింది. తర్వాత మల్లేశం చెయ్యి తీసుకుని వేళ్లు వంచి చూసింది. "ఫిట్స్‌లో నోట్లో ఏదీ పెట్టకూడదు, వేలు గానీ చెంచా గానీ. కాటు పడ్డ రోజే వచ్చి ఉంటే ఈ జాయింట్ కాపాడేవాళ్లం. ఇప్పుడు వంగదు" అంది.

మొదటి ఆస్పత్రి డాక్టర్ మీద నాకు చాలాకాలం కోపం ఉండేది. చెయ్యి ఒక్కసారి బయటికి తిప్పి చూస్తే మూడు వారాలు మిగిలేవి. మేడం నాలుగో రోజే చూసి ఉంటే బహుశా కుడి ఎముక నాదే ఉండేదట. ఆ మాట ఇప్పుడూ అంటాను. కానీ అతను ఎక్స్‌రేలో ఉన్నది చూడలేదు, నేను ఉన్నది చెప్పలేదు. అతన్ని అడగాలంటే ముందు నన్ను నేను అడగాలి. పంచుకుంటే అందరికీ తలా కొంత వస్తుంది. నా వంతు అన్నిటికంటే ఎక్కువ.

ఇప్పటికి పదకొండు నెలలు. ఎడమ చెయ్యి తల దాటి పోతుంది. కుడిది చెవి దాకా లేస్తుంది, అక్కడ ఆగిపోతుంది. "ఇంతే అనుకోండి" అన్నారు. దువ్వుకోవడం, గడ్డం చేసుకోవడం ఎడమ చేత్తో నేర్చుకున్నాను. మళ్లీ కాంటా మీదికి వచ్చాను. గోలీ మారింది. శనివారం దేవుడికి దండం పెట్టుకుని ఉప్మా తినే బయలుదేరుతున్నాను. ఇంతవరకు దేవుడు ఏమీ అనలేదు.

మీలో సుగర్ ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. ఏ కారణంతో ఆస్పత్రికి పోయినా మొదటి ప్రశ్నకే నిజం చెప్పండి, ఏం మింగారో, ఎన్ని మింగారో, ఆ రోజు ఏం తినలేదో. పక్కన భార్య ఉన్నా, అన్న ఉన్నా, సిగ్గేసినా చెప్పండి. మీరు దాచిన మాట ఊరికే ఉండదు, ఎవరో ఒకరి మీద పడుతుంది.

నా ఫైలు ఇప్పుడు రెండు చేతులతో ఎత్తుకునేంత లావు ఉంది. ఎక్స్‌రేలు, స్కాన్లు, రెండు డిశ్చార్జ్ సమ్మరీలు. భుజాల గురించి అందులో అన్నీ ఉన్నాయి, ఏ ఎముక ఎంత మేర నలిగిందో కూడా ఉంది. మల్లేశం ఇప్పుడు బస్తా కొక్కెం ఎడమ చేత పట్టలేడు, కుడి చేత్తోనే మోస్తున్నాడు. ఎందుకని అడిగిన వాళ్లకు లారీ డోర్‌లో పడిందనే చెబుతున్నాడు. అతని వేలు ఏ రిపోర్టులోనూ లేదు. దాన్ని కొరికింది నేను. అది ఎక్కడో ఒకచోట రాసి ఉండాలని ఇదంతా రాశాను.